షేల్ పర్మియబిలిటీ: అంకె కన్నా ముందు రాయిని చూడండి

జియాలజీలోనో పెట్రోలియం ఇంజినీరింగ్‌లోనో డిగ్రీ పూర్తిచేసి కోర్ ల్యాబ్‌లో చేరినవాళ్లకి మొదటి ఏడాదిలోనే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "ఈ బావిలో షేల్ పర్మియబిలిటీ ఎంత?" అడిగేది రిజర్వాయర్ ఇంజినీరు. సిమ్యులేషన్ మోడల్‌లో ఖాళీగా ఉన్న గడి నింపుకోవడానికి ఆయనకి ఒక అంకె కావాలి. మెషిన్ ఆ అంకె ఇచ్చేస్తుంది కూడా. 80 నానోడార్సీలో 300 నానోడార్సీలో ఏదో ఒకటి వస్తుంది, అది మెయిల్‌లో పెట్టి పంపేస్తే ఆ రోజు పని తీరిపోయినట్టే అనిపిస్తుంది. రాజమండ్రిలో పనిచేసినా హ్యూస్టన్‌లో పనిచేసినా ఈ ఉద్యోగంలో ముందుగా వదిలించుకోవాల్సిన అలవాటు ఇదే. ఆ రాయిలో ఏ ఖనిజాలున్నాయో, రంధ్రాలు ఏ ఖనిజాన్ని పట్టుకుని ఉన్నాయో, కొలిచేటప్పుడు రాయి ఏ స్థితిలో ఉందో తెలియకుండా ఆ అంకెతో ఎవరికీ ఉపయోగం లేదు. పైగా హాని ఉంది. ఒక బావికి ఖర్చయ్యే కోట్ల రూపాయలు అలాంటి అంకెల మీదే నిలబడతాయి.

ఇసుకరాయితో పనిచేసి వచ్చినవాళ్లకి ఈ మాట అతిగా అనిపించవచ్చు. ఇసుకరాయిలో రేణువుల సైజు, అవి ఎంత సమంగా ఉన్నాయి, వాటి మధ్య సిమెంటు ఎంత పట్టింది అన్నవి తెలిస్తే పర్మియబిలిటీని చాలావరకు అంచనా వేయవచ్చు. షేల్‌లో ఆ దారి మూసుకుపోతుంది. ఒక నానోడార్సీ అంటే మిల్లీడార్సీలో పది లక్షలవ వంతు. రంధ్రాల సైజు నానోమీటర్లలో ఉంటుంది. మీథేన్ అణువే 0.38 నానోమీటర్ల వెడల్పు ఉంటుంది కాబట్టి కొన్ని రంధ్రాల్లో పక్కపక్కన నాలుగైదు అణువులకు మించి పట్టవు. అంత ఇరుకులో రంధ్రం గోడ ఏ పదార్థంతో చేసిందన్నదే అన్నింటినీ నిర్ణయిస్తుంది. గ్యాస్ ఆ గోడకి అంటుకుంటుందా, అక్కడ నీళ్లు ముందే చేరి కూర్చున్నాయా, పైనుంచి బరువు పడితే ఆ గోడ నిలుస్తుందా నలుగుతుందా అన్నవన్నీ దాన్నిబట్టే ఉంటాయి.

టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్ బేసిన్‌లో బార్నెట్ షేల్ కథ ఈ రంగంలోకి వచ్చే ప్రతివాళ్లూ తెలుసుకోవాలి. జార్జ్ మిచెల్‌కి చెందిన మిచెల్ ఎనర్జీ అక్కడ మొదటి బావి తవ్వింది 1981లో. 1990ల చివర చిక్కటి జెల్‌కి బదులు పల్చటి నీటితో ఫ్రాక్చరింగ్ చేయడం మొదలుపెట్టాకే ఆ షేల్ నుంచి గిట్టుబాటయ్యే స్థాయిలో గ్యాస్ వచ్చింది. కానీ గ్యాస్ ఏ రంధ్రాల్లోంచి వస్తోందో చూపించే మంచి చిత్రాలు ఇంకా పదేళ్లు ఆలస్యంగా వచ్చాయి. రాబర్ట్ లౌక్స్, రాబర్ట్ రీడ్ తదితరులు 2009లో ప్రచురించిన పరిశోధనలో బార్నెట్ రంధ్రాల్లో ఎక్కువ భాగం సేంద్రియ పదార్థం లోపలే ఉన్నాయని, వాటి సైజు 5 నుంచి 750 నానోమీటర్ల దాకా ఉందని, మధ్యస్థంగా 100 నానోమీటర్ల దగ్గర ఉందని తేలింది.

వాళ్లకి అది కనిపించడానికి కారణం నమూనా తయారుచేసిన పద్ధతి. మీరు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ దగ్గర పనిచేయబోతుంటే ఇది గుర్తుపెట్టుకోండి. షేల్‌ని మామూలుగా పాలిష్ చేస్తే మెత్తని క్లే చెదిరిపోతుంది, గట్టి రేణువులు ఊడిపోతాయి, ఊడినచోట గుంటలు మిగులుతాయి. వాటిని రంధ్రాలుగా లెక్కేస్తే పోరాసిటీ ఉన్నదానికన్నా ఎక్కువ వస్తుంది. ఆర్గాన్ అయాన్లతో ఉపరితలాన్ని చెక్కితే గట్టిదీ మెత్తనిదీ ఒకే సమతలంలోకి వస్తాయి. అప్పుడు బ్యాక్‌స్కాటర్ చిత్రంలో క్వార్ట్జ్ మధ్యస్థపు బూడిదరంగులో కనిపిస్తుంది. కాల్సైట్ దానికన్నా కాస్త వెలుతురుగా, పైరైట్ దాదాపు తెల్లగా, కెరోజెన్ అనే ఘన సేంద్రియ పదార్థం ముదురు బూడిదరంగులో ఉంటాయి. ఆ ముదురు మచ్చల లోపల, గుండ్రంగానో కోడిగుడ్డు ఆకారంలోనో నల్లటి చుక్కలు గుంపులుగా కనిపిస్తే అవి సేంద్రియ రంధ్రాలు. క్లే పలకల మధ్య సన్నగా పొడుగ్గా ఉన్నవి వేరే జాతి. రేణువుకీ రేణువుకీ మధ్య మూడుమూలల ఖాళీలు ఇంకో జాతి. చిత్రం చూసిన ప్రతిసారీ ఏ జాతి ఎంత ఉందో కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత పర్మియబిలిటీ అంకె చేతికొచ్చినప్పుడు దానికొక ముఖం కనిపిస్తుంది.

ఇక టీఓసీ, అంటే మొత్తం సేంద్రియ కార్బన్ సంగతి. సేంద్రియ కార్బన్ ఎక్కువ ఉంటే రంధ్రాలు ఎక్కువ ఉంటాయన్న మాట ప్రతి ప్రెజెంటేషన్‌లోనూ వినిపిస్తుంది. అందులో నిజం ఉంది, కానీ సగమే. నిజమైన సగం ఏమిటంటే, టీఓసీని బరువులో చెప్తారు, రాయిలో అది ఆక్రమించే చోటు అంతకి దాదాపు రెట్టింపు ఉంటుంది. కెరోజెన్ సాంద్రత 1.3 దగ్గర, రాయి సాంద్రత 2.5 దగ్గర ఉంటే, బరువులో 5 శాతం కెరోజెన్ ఘనపరిమాణంలో దాదాపు 10 శాతం అవుతుంది. పదిలో ఒక వంతు రాయి అంటే చిన్న విషయం కాదు. మిగతా సగం ఆ కెరోజెన్ ఎంత ఉడికిందన్న దాని మీద ఆధారపడుతుంది. ఓక్లహోమాలోని వుడ్‌ఫర్డ్ షేల్ మీద కర్టిస్ బృందం 2012లో ప్రచురించిన పనిలో, పరిపక్వతని చెప్పే విట్రినైట్ రిఫ్లెక్టెన్స్ 0.9 శాతం కన్నా తక్కువ ఉన్న నమూనాల్లో సేంద్రియ రంధ్రాలు కనిపించలేదు, 1.23 శాతం దగ్గరికి వచ్చేసరికి కనిపించాయి. అంతకు పైన కూడా ఒక నమూనాలో లేకపోవడం వాళ్లే గమనించారు. అంటే టీఓసీ 6 శాతం ఉన్నా పరిపక్వత చాలకపోతే ఆ కెరోజెన్ రంధ్రాలు లేని మెత్తటి ముద్దలా, దారికి అడ్డంగా ఉండిపోవచ్చు. రంధ్రాల్లోకి బిటుమెన్ చేరి మూసేయడమూ మామూలే. అందుకే టీఓసీ పట్టిక ఎవరైనా ఒంటరిగా పంపితే రిఫ్లెక్టెన్స్, రాక్-ఇవాల్ టీమ్యాక్స్ కూడా కావాలని అడగండి. కార్బనేటు ఎక్కువున్న రాళ్లలో ఇంకో జాగ్రత్త ఉంది. టీఓసీ కొలిచే ముందు ఆసిడ్‌తో కార్బనేటుని పూర్తిగా తీసేయకపోతే అందులోని కార్బన్ కూడా సేంద్రియ కార్బన్ ఖాతాలో పడిపోతుంది. ఈగల్ ఫర్డ్ లాంటి, కాల్సైట్ సగానికి పైగా ఉండే రాయిలో ఆ పొరపాటు ఫలితం చాలా పెద్దది.

క్వార్ట్జ్ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఎక్స్‌ఆర్‌డీ రిపోర్టులో "క్వార్ట్జ్ 45 శాతం" అని చూసి రాయి పెళుసుగా ఉంటుంది, ఫ్రాక్చరింగ్ బాగా పడుతుంది అని వెంటనే తేల్చేస్తారు. ఆ 45 శాతం ఎక్కడినుంచి వచ్చిందో ఎక్స్‌ఆర్‌డీ చెప్పదు. నదులు మోసుకొచ్చిన సన్నటి ఇసుక రేణువులు కావచ్చు. రేడియోలేరియా, స్పాంజి ముళ్ల లాంటి జీవుల పెంకులు కరిగి మళ్లీ గడ్డకట్టిన సిలికా కావచ్చు. రెండోది పూడిక మొదలైన తొలిరోజుల్లోనే రేణువుల మధ్య సన్నటి స్ఫటికాలుగా అల్లుకుని గట్టి చట్రం కడుతుంది. పందిరి రాటలు ముందుగా పాతుకుంటే పైన ఎంత బరువు వేసినా కింద చోటు మిగులుతుంది, ఇక్కడా అంతే. తర్వాత వేల అడుగుల బరువు మీద పడినా ఆ చట్రం మధ్య చిక్కుకున్న సేంద్రియ పదార్థం నలిగిపోదు, దానిలో పుట్టిన రంధ్రాలు తెరుచుకునే ఉంటాయి. నది తెచ్చిన క్వార్ట్జ్ క్లే మధ్యలో తేలుతూ ఉంటే అలాంటి రక్షణ ఇవ్వదు. బరువంతా క్లే మీదే పడుతుంది.

రెండింటినీ ఎలా విడదీయాలి? ఖరీదైన దారి ఎస్‌ఈఎమ్‌లో కేథడోల్యూమినెసెన్స్. చవకైన దారి మీ ల్యాబ్‌లో ఇప్పటికే ఉంటుంది, ఎక్స్‌ఆర్‌ఎఫ్. కోర్ పొడవునా సిలికాన్, జిర్కోనియం, టైటానియం, అల్యూమినియం కొలిచి గ్రాఫ్ గీయండి. జిర్కోనియం, టైటానియం ఒడ్డునుంచి వచ్చే మట్టితోపాటు వస్తాయి. సిలికాన్‌తోపాటు జిర్కోనియం కూడా పెరుగుతుంటే అది ఒడ్డునుంచి వచ్చిన క్వార్ట్జ్. సిలికాన్ పెరుగుతుంటే జిర్కోనియం తగ్గుతోందంటే జీవుల సిలికా అయ్యే అవకాశం ఎక్కువ. అరపూట పని. దీనివల్ల ఒకే క్వార్ట్జ్ శాతం ఉన్న రెండు పొరల్లో ఒకదాని పర్మియబిలిటీ ఎందుకు ఎక్కువ వచ్చిందన్న ప్రశ్నకి చాలాసార్లు జవాబు దొరుకుతుంది.

క్లే దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే షేల్ లెక్కలు తప్పేది ఎక్కువగా ఇక్కడే. క్లే ఉన్న రాయిలో రంధ్రాలు లేకపోవడం సమస్య కాదు. రంధ్రాలు బోలెడుంటాయి. పలకల మధ్య సన్నటి చీలికల్లాంటి ఖాళీలు, వాటికి విపరీతమైన ఉపరితల వైశాల్యం. హీలియంతో కొలిస్తే పోరాసిటీ ఘనంగా వస్తుంది. కానీ భూమి లోపల ఆ ఖాళీల్లో చాలావాటిని నీళ్లు పట్టుకుని ఉంటాయి, క్లే ఆ నీటిని సులువుగా వదలదు. నీళ్లున్న చోట గ్యాస్ అంటుకోవడానికి చోటు తగ్గుతుంది, కదలడానికి దారీ తగ్గుతుంది. ల్యాబ్‌లో మీరు 110 డిగ్రీల వేడిలో రాయిని ఎండబెట్టి ఆ నీళ్లన్నీ తోలేశాక కొలిచింది, భూమిలో ఉన్న రాయి కాదు. స్మెక్టైట్ ఉంటే పలకల మధ్య పొరల్లోని నీళ్లు కూడా పోయి రాయి కుంచించుకుని, సన్నటి పగుళ్లు పడతాయి. ఆ పగుళ్ల గుండా గ్యాస్ హాయిగా పరిగెత్తుతుంది. పర్మియబిలిటీ పెరిగిందని సంతోషపడితే, పెంచింది ఓవెన్.

అందువల్ల "క్లే 40 శాతం" అన్న మొత్తం అంకెతో ఊరుకోకుండా ఏ క్లే ఎంత అన్నది చూడండి. దానికి రెండు మైక్రాన్ల కన్నా చిన్న భాగాన్ని వేరుచేసి, గాజు పలక మీద ఆరబెట్టి ఎక్స్‌ఆర్‌డీ తీస్తారు. ఇల్లైట్ శిఖరం 10 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర కదలకుండా నిలబడుతుంది. అదే పలకని ఇథిలీన్ గ్లైకాల్ ఆవిరిలో రాత్రంతా ఉంచి మళ్లీ తీస్తే స్మెక్టైట్ శిఖరం 17 దగ్గరికి జరుగుతుంది. కయోలినైట్, క్లోరైట్ రెండూ 7 దగ్గర ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి 550 డిగ్రీల దాకా వేడిచేసి చూడాలి, కయోలినైట్ మాయమవుతుంది. గ్లైకాల్ పరీక్ష చేయకుండా ఇచ్చిన క్లే పట్టికని నేనైతే సగం పట్టికగానే చూస్తాను. డ్రిల్లింగ్ వాళ్లకీ, ఫ్రాక్చరింగ్ ద్రవం తయారుచేసేవాళ్లకీ కూడా ఇదే పట్టిక కావాలి. నీళ్లు తగిలితే ఉబ్బే రాయి ఏదో వాళ్లకి ముందే తెలియాలి.

క్లే ఎక్కువున్న రాయికి ఇంకో స్వభావం ఉంది. ఒత్తిడి పెంచితే దాని పర్మియబిలిటీ చాలా వేగంగా పడిపోతుంది, ఒత్తిడి తీసేసినా పూర్తిగా వెనక్కి రాదు. బావిలోంచి గ్యాస్ తీస్తున్నకొద్దీ రంధ్రాల్లోని పీడనం తగ్గుతుంది, పై పొరల బరువు రాయి చట్రం మీద ఇంకా ఎక్కువగా పడుతుంది. కాబట్టి మొదటినెల పర్మియబిలిటీ మూడో ఏట ఉండదు. ఆ తగ్గుదల సిలికా చట్రం ఉన్న రాయిలో నిదానంగా, క్లే మోసే రాయిలో నిటారుగా ఉంటుంది. ఫ్రాక్చర్‌ని తెరిచి ఉంచడానికి పంపిన ఇసుక కూడా మెత్తటి రాతిలోకి దిగబడిపోతుంది. లూసియానా, టెక్సస్ సరిహద్దులోని హేన్స్‌విల్‌లో ఈ బాధ బాగా తెలిసిందే.

కార్బనేటు గురించి క్లుప్తంగా చెప్తాను. అది జీవుల పెంకుల రూపంలో ఉంటే ఆ పెంకుల గదుల్లో ఖాళీ మిగలవచ్చు, లేదా ఆ గదుల్లోకి తర్వాత సేంద్రియ పదార్థం చేరి మంచి రంధ్రాలు పుట్టవచ్చు. సిమెంటుగా పట్టి ఉంటే రేణువుల మధ్య దారులు మూస్తుంది. పైరైట్ రంధ్రాలకన్నా లెక్కలకి ఎక్కువ తగులుతుంది. దాని సాంద్రత 5 కాబట్టి కొద్ది శాతం ఉన్నా గ్రెయిన్ డెన్సిటీని పైకి లాగుతుంది. కెరోజెన్ కిందికి లాగుతుంది. రెండూ ఒకదాన్నొకటి కప్పేసి చూడటానికి మామూలుగా ఉండే అంకె ఇస్తాయి. లాగ్ నుంచి పోరాసిటీ లెక్కించేవాళ్లు దీన్ని మరచిపోకూడదు.

ఇప్పుడు కొలతల సంగతి. ఒకే షేల్‌ని ముక్కలు చేసి వేర్వేరు ల్యాబ్‌లకి పంపితే పర్మియబిలిటీలో పదింతల తేడా, అంతకు మించిన తేడా రావడం ఈ రంగంలో అందరికీ అనుభవమే. ఎవరో తప్పు చేశారని కాదు, వాళ్లు కొలిచినవి వేర్వేరు వస్తువులు. 1990ల మొదట్లో అమెరికాలోని గ్యాస్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ తెచ్చిన పద్ధతిలో రాయిని మిల్లీమీటరు కన్నా చిన్న రేణువులుగా నలగ్గొట్టి, జల్లెడ పట్టి, అందులోకి గ్యాస్ ఎంత వేగంగా ఇంకుతుందో చూస్తారు. కోర్ తీసినప్పుడు పడిన పగుళ్లు చాలావరకు పోతాయి, అది లాభం. ఒత్తిడి ఏమీ ఉండదు, పొరల దిశ తెలియదు, అది నష్టం. ఇంకో సంగతి చాలామంది గమనించరు. జల్లెడలో కిందికి పోయిన మెత్తటి పొడిలో క్లే ఎక్కువ ఉండవచ్చు. పైన మిగిలిన రేణువుల ఖనిజ కూర్పు అసలు రాయి కూర్పు అవునా కాదా అని ఆ రేణువులకే ఎక్స్‌ఆర్‌డీ తీసి సరిచూసుకోవాలి.

ప్లగ్ తీసి ఒత్తిడిలో పల్స్-డికే పద్ధతిలో కొలవడం రెండో దారి. గ్రానైట్ కోసం బ్రేస్, ఆయన సహచరులు 1968లో రూపొందించిన పద్ధతి అది. ఇక్కడ ఒత్తిడి ఉంటుంది, దిశ తెలుస్తుంది. కానీ ఒక్క పగులు ప్లగ్ పొడవునా ఉంటే మీరు కొలిచేది పగులునే. ప్లగ్‌ని పరికరంలో పెట్టే ముందు సీటీ స్కాన్ తీయండి. పొరల వెంబడి తీసిన ప్లగ్‌కీ పొరలకి అడ్డంగా తీసిన ప్లగ్‌కీ పదింతల తేడా వచ్చినా కంగారుపడకండి. క్లే పలకలు, సేంద్రియ పోగులు పొరల వెంబడి పరుచుకుని ఉంటాయి కాబట్టి అలా రావడమే సహజం.

ఏ గ్యాస్‌తో, ఎంత పీడనంలో కొలిచారన్నది కూడా అంతే ముఖ్యం. వాతావరణ పీడనం దగ్గర మీథేన్ అణువు ఇంకో అణువుని గుద్దుకోకుండా వెళ్లే సగటు దూరం సుమారు 50 నానోమీటర్లు. షేల్ రంధ్రాలు దాదాపు అదే సైజులో ఉన్నాయి కాబట్టి తక్కువ పీడనంలో అణువులు గోడలకి తగులుతూ జారిపోతాయి, పర్మియబిలిటీ ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. క్లింకెన్‌బర్గ్ 1941లో చెప్పిన సవరణ ఇందుకే. మూడు నాలుగు పీడనాల్లో కొలిచి గీత గీయకుండా ఒక్క పీడనంలో కొలిచిన అంకెను తీసుకోకండి. హీలియం అణువు మీథేన్ కన్నా చిన్నది, 0.26 నానోమీటర్లు. మీథేన్ దూరలేని కెరోజెన్ సందుల్లోకి అది దూరుతుంది. హీలియం పోరాసిటీ అంతా గ్యాస్‌కి చోటే అనుకుంటే నిల్వలు ఎక్కువగా తేలుతాయి.

రంధ్రాల సైజుల లెక్కకి ఒక్క పరికరం చాలదు. మెర్క్యురీని 60,000 పీఎస్‌ఐ దాకా ఎక్కించినా అది దాదాపు 3 నానోమీటర్ల గొంతు దగ్గరే ఆగిపోతుంది. పైగా అది చూపేది గొంతు సైజు, రంధ్రం సైజు కాదు. అంత పీడనంలో మెత్తటి రాయి తానే కొంత నలుగుతుంది. నైట్రోజన్‌తో రెండు నుంచి యాభై నానోమీటర్ల మధ్య బాగా తెలుస్తుంది. రెండు కన్నా చిన్నవాటికి కార్బన్ డయాక్సైడ్ కావాలి. నైట్రోజన్ డేటాలో డిసార్ప్షన్ గీత నుంచి బీజేహెచ్ లెక్క వేస్తే 3.8 నానోమీటర్ల దగ్గర పెద్ద శిఖరం వస్తుంది, దాన్ని రంధ్రాల గుంపు అనుకోకండి. ద్రవ నైట్రోజన్ ఆ పీడనం దగ్గర ఒక్కసారిగా తెగిపోవడం వల్ల వచ్చే నీడ అది. అడ్సార్ప్షన్ గీతతో లెక్క వేసి చూస్తే ఆ శిఖరం సాధారణంగా ఉండదు.

ఇద్దరు ఇంజినీర్ల ముందు రెండు నమూనాలు పెట్టాననుకోండి. రెండింటి పోరాసిటీ 6 శాతం. ఒకదానిలో క్వార్ట్జ్ 50 శాతం, అందులో ఎక్కువభాగం జీవుల సిలికా, క్లే 25, టీఓసీ 5, పరిపక్వత గ్యాస్ దశలో ఉంది. రెండోదానిలో క్వార్ట్జ్ 25, క్లే 55, టీఓసీ 2. ఎండబెట్టి, నలగ్గొట్టి కొలిస్తే రెండూ దగ్గరదగ్గరగా రావచ్చు, రెండోదే కాస్త ఎక్కువ వచ్చినా నాకు ఆశ్చర్యం ఉండదు. వాటినే కొన్ని వేల పీఎస్‌ఐ ఒత్తిడిలో, నీళ్లు ఉన్నవున్నట్టుగా ఉంచి కొలిస్తే కథ మారిపోతుంది. మొదటిది నిలబడుతుంది, రెండోది జారిపోతుంది. బావిలో అడ్డంగా ఎక్కడ తవ్వాలో నిర్ణయించేవాళ్ల చేతికి ఎండబెట్టి, నలగ్గొట్టి కొలిచిన పట్టిక ఒక్కటే వెళ్తే ఏమవుతుందో ఆలోచించండి. కొలత ఒక్కటే చేయడానికి డబ్బుంటే నేను నలగ్గొట్టిన రాయి కొలత మానేసి, ఖనిజాల పట్టికకీ అయాన్ మిల్లింగ్ చిత్రాలకీ ఖర్చుపెడతాను.

నమూనా తీసేటప్పుడే సగం పని గెలుస్తుంది. షేల్ కూర్పు అంగుళానికి అంగుళం మారుతుంది. ఎక్స్‌ఆర్‌డీ ఒకచోట నుంచి, టీఓసీ జానెడు కింద నుంచి, పర్మియబిలిటీ ఇంకో అడుగు కింద నుంచి తీసి మూడింటినీ ఒకే గ్రాఫ్‌లో పెడితే సంబంధం ఏదీ కనిపించదు. అప్పుడు "షేల్‌లో కూర్పుకీ పర్మియబిలిటీకీ సంబంధం లేదు" అని తీర్మానం రాసేస్తారు. ఒకే ముక్కని పగలగొట్టి అన్ని పరీక్షలకీ పంచండి. బావిమీద నుంచి వచ్చిన కోర్‌ని ఎండిపోకుండా సీల్ చేయించి, వచ్చినరోజే తూకం వేయించండి. ఆ తూకం లేకపోతే నీటి లెక్క మళ్లీ ఎప్పటికీ దొరకదు.

ఒక ఆరోగ్య విషయం, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. షేల్ నలగ్గొట్టేటప్పుడు లేచే సన్నటి క్వార్ట్జ్ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్ వస్తుంది, దానికి మందు లేదు. అమెరికాలో ఫ్రాక్చరింగ్ స్థలాల్లో ఇసుక దుమ్ము గురించి 2012లోనే అక్కడి కార్మిక భద్రతా సంస్థలు నయాష్, ఓషా కలిసి హెచ్చరిక జారీచేశాయి. 2016లో ఓషా పెట్టిన పరిమితి ఎనిమిది గంటల షిఫ్టుకి ఘనపు మీటరు గాలిలో 50 మైక్రోగ్రాములు. క్రషర్ దగ్గర గాలి లాగే ఏర్పాటు లేకపోతే పని మొదలుపెట్టే ముందే అడగండి, ముఖానికి సరిగ్గా అమరే ఎన్95 పెట్టుకోండి, గుడ్డ మాస్కు చాలదు. మెర్క్యురీ దగ్గర పనిచేసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, చిందినప్పుడు ఊడ్చకండి, మెర్క్యురీ కిట్‌తోనే తీయించండి.

మన ప్రాంతం సంగతికి వస్తే, దేశంలో షేల్ నుంచి మొదటిసారి గ్యాస్ వచ్చింది 2011 జనవరిలో, దుర్గాపూర్ దగ్గర దామోదర్ లోయలో ఓఎన్‌జీసీ తవ్విన బావిలో. కృష్ణా-గోదావరి బేసిన్‌లో గోదావరి జిల్లాల కింద లోతున ఉన్న పెర్మియన్ కాలపు కొమ్ముగూడెం ఫార్మేషన్‌లో షేల్ పొరలు బొగ్గు పొరలతో, ఇసుకరాయి పొరలతో కలిసి ఉంటాయి. అందులోని సేంద్రియ పదార్థం ఎక్కువగా నేలమీది చెట్టూచేమల నుంచి వచ్చింది. బార్నెట్‌లోది సముద్రపు సూక్ష్మజీవులది. చెట్ల నుంచి వచ్చిన కెరోజెన్‌లో ఎస్‌ఈఎమ్‌కి కనిపించే రంధ్రాలు సాధారణంగా తక్కువ. జీవుల సిలికా చట్రం ఉంటుందని ఆశపడే వాతావరణం కూడా కాదది. కాబట్టి టెక్సస్‌లో పనికొచ్చిన టీఓసీ, పోరాసిటీ సూత్రాన్ని తెచ్చి ఇక్కడి లాగ్ మీద పెట్టకండి. అమెరికా ఎనర్జీ ఇన్ఫర్మేషన్ అడ్మినిస్ట్రేషన్ 2013లో భారత్‌లో తీయగలిగే షేల్ గ్యాస్ 96 లక్షల కోట్ల ఘనపుటడుగులు అంది. దానికి కొద్దికాలం ముందు అమెరికా జియలాజికల్ సర్వే మూడు బేసిన్‌లకి కలిపి ఇచ్చిన అంచనా 6.1 లక్షల కోట్లు. లెక్కలోకి తీసుకున్న బేసిన్‌లూ పద్ధతులూ వేరైనా, ఇంత దూరం ఉందంటే రాయి గురించి ఇంకా ఎంత కొలవాల్సి ఉందో అర్థమవుతుంది. ఆ కొలతలు చేయాల్సింది మీ తరమే.

షేల్ గ్యాస్ ఒక్కటే నమ్ముకుంటే ఉద్యోగం ఉంటుందా అని విద్యార్థులు అడుగుతుంటారు. గ్యాస్ ధర పడినప్పుడల్లా ఈ రంగంలో ఉద్యోగాలు పోతాయి, అది దాచనవసరం లేదు. అయితే ఈ పని నేర్చినవాళ్లకి వేరే తలుపులున్నాయి. కార్బన్ డయాక్సైడ్‌ని భూమిలో నిల్వచేస్తే పైకి రాకుండా ఆపేది చాలాచోట్ల షేల్ మూతే. అణు వ్యర్థాలని క్లే రాళ్లలో దాచడం మీద స్విట్జర్లాండ్‌లోని మోంట్ టెరీ ప్రయోగశాలలో 1996 నుంచి పరిశోధన నడుస్తోంది. అక్కడ పర్మియబిలిటీ ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. ప్రశ్న తిరగబడుతుంది, కొలతలు అవే, ఖనిజాలు అవే. ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ వచ్చో చెప్పడంతో ఆగకుండా, మీరు కొలిచిన ఒక రాయి గురించి దాని ఖనిజాల నుంచి పర్మియబిలిటీ దాకా ఐదు నిమిషాలు మాట్లాడగలిగేలా సిద్ధమవ్వండి.

రేపటి రిపోర్టులో పర్మియబిలిటీ అంకె రాసిన గడి పక్కనే ఇవి కూడా రాయండి: అదే ముక్క ఖనిజాల పట్టిక, టీఓసీ, పరిపక్వత, ఎండబెట్టారా లేదా, ఎన్ని డిగ్రీల్లో, ఏ గ్యాస్‌తో, ఏ పీడనాల్లో, ఎంత ఒత్తిడి కింద, పొరల వెంబడా అడ్డంగానా. బయటి ల్యాబ్ నుంచి వచ్చిన అంకెకి ఈ వివరాలు లేకపోతే మోడల్‌లో పెట్టకండి. మర్యాదగా వెనక్కి పంపి అడగండి.